తడి గోనెల కింద ఆరిన పడవ

మీ నాన్న మీ మేలు కోరి చేసిన వస్తువులో లోపం ఉందేమోనని ఆయన ఎదుటే అడగగలరా? నేను అడగలేదు. సూర్యాపేట కాలేజీలో చర్చా పోటీలకు వెళ్లేవాణ్ణి. ఎదుటి పక్షాన్ని ప్రశ్నలతో నిలదీయడం నాకు వచ్చు. ఇంట్లో మాత్రం ఆ విద్య పనికిరాలేదు.

మాది కోదాడ. నాన్న తాపీ మేస్త్రీ. చిలుకూరు దగ్గర చెరువులో చేపలు పట్టే మా మేనమామ చెక్క పడవ పుచ్చిపోయింది. తొంభైల మొదట్లో ఒక వేసవిలో, దాన్నే అచ్చుగా బోర్లించి ఫైబర్ పడవ చేస్తానని నాన్న పూనుకున్నాడు. మిర్యాలగూడలో ఫైబర్ ట్యాంకులు చేసే మేస్త్రీ దగ్గర రెజిన్ అనే జిగురు ద్రవం, గాజు నార కొన్నాడు. పని ఎలా చేయాలో ఆయనను అడిగి తెలుసుకోలేదు. "చేసినంక ఒకపాలి తెచ్చి సూపియ్యండి" అని ఆయనే చెప్పి పంపాడు.

నాన్న గాజు నార పరిచి, రెజిన్ పూసి, ఆ పూత ఆరకముందే తడి గోనె సంచులు కప్పేవాడు. కొత్త గోడకు నీళ్లు పట్టినట్టే పూటపూటా తడిపేవాడు. మర్నాడు సంచులు తీసి, ఆ చెమ్మ మీదే ఇంకో పొర వేసేవాడు. చివరికి రంగు వేశాక ఆ నునుపు చూసి వాడకట్టంతా మెచ్చుకుంది.

మామ ఒక్కడే సందేహించాడు. "బావా, మిర్యాలగూడ మేస్త్రీకి సూపిద్దమా?"

"నా సేతి పని మీద అనుమానమా? ఇరవై ఏండ్ల సంది గోడలు కడ్తున్న, ఒక్కటన్న కూలిందా?"

"గోడ నీళ్ల మీద తేలదు గద బావా!"

అందరం నవ్వాం. నాన్న ముఖం చిన్నబోయింది. అది చూడలేక నేను కల్పించుకున్నాను. "మామా, గాయన కూలికి చేస్తడు. నాయిన నీ కోసం చేసిండు. ఏది గట్టిగుంటది?"

"కాలేజీల గెలిచొచ్చినోనివి, నీతోని నేనేడ వాదిస్త అల్లుడా" అని మామ పడవను బండికెత్తించాడు.

వానాకాలంలో, చెరువు నడుమ పడవ అడుగు పొరలుగా ఊడిపోయింది. మామ గజఈతగాడే. కానీ వల కాళ్లకు చుట్టుకుంది. మరునాడు ఉదయం శవాన్ని ఒడ్డుకు చేర్చారు.

పడవ ముక్క ఒకటి పట్టుకొని మిర్యాలగూడ వెళ్లాను. మేస్త్రీ బొటనవేలితో పొరలను ఒక్కొక్కటిగా విడదీశాడు.

"నడుమ తడి తగిలిందా?"

"గోనె సంచులు తడిపి కప్పినం."

ఆయన ఆ ముక్కను కింద పెట్టాడు. "సిమెంటు నీళ్లు తాగితే గట్టిపడ్తది బాబూ. దీనికి తడే తగలొద్దు. తెచ్చి సూపిస్తే ఒక్క దెబ్బ కొట్టి సప్పుడు ఇని చెప్పేటోన్ని."

ఇంటికొచ్చి ఆ మాట నాన్నకు చెప్పాను. దాచడం తప్పనుకున్నాను. చెప్పినందుకు ఈనాటికీ మనసు కుదుటపడలేదు. ఆ తర్వాత నాన్న ఎన్ని గోడలు కట్టినా, వాటికి నీళ్లు పట్టే పని మాత్రం వేరేవాళ్లకు అప్పగించేవాడు.

నాన్న ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. ఆ ప్రేమను నైపుణ్యానికి రుజువుగా చూపింది నేను. మామ అడిగిన ప్రశ్న సరైనది. ఆయనను మళ్లీ నోరెత్తనీయకుండా చేసింది నా వాదన.

మనిషిని నీళ్ల మీద మోసే వస్తువేదైనా మీ ఇంట్లో తయారై ఉంటే, ఈ వారమే దాన్ని ఆ పని తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి. చేసినవారు నొచ్చుకున్నా సరే, తట్టి చూడమనండి. అప్పటిదాకా అందులో ఎవరినీ ఎక్కనివ్వకండి.