శూన్యంలో ఏముంది?

మన హాస్టల్ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయను. ఇవాళ చర్చిలో మాడిపోయిన బల్బు విప్పుతుంటే లోపల తీగ గలగలమంది. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

తడి స్వెట్టర్ల వాసన కొట్టే మన ఎనిమిదో తరగతి గుర్తుందా? సైన్సు మాస్టారు ఇలాంటి బల్బే ఎత్తి చూపించి, "ఇందులో గాలి తీసేసారు. శూన్యం. శూన్యంలో ఏటుంటాదర్రా?" అన్నారు. బైబిలు ఆదికాండంలో సృష్టికి ముందు దేవుని ఆత్మ తిరుగాడిన శూన్యం ఇదే అనుకుని, "దేవుని ఆత్మ సార్" అన్నాను. మీరంతా బల్లలు కొట్టి నవ్వారు. పదో తరగతి దాకా మీకు నేను 'బల్బు గుంట'నే, బల్బు పిల్లనే. మళ్లీ క్లాసులో నోరు విప్పలేదు.

మొన్న సండేస్కూల్లో సృష్టి పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచింది. "పిన్నీ, శూన్యంలో ఏటీ ఉండదని మా టీచర్ సెప్పింది. మరి దేవుడెక్కడున్నాడు?"

"కూకోయే, బల్బు గుంటా!" అనేశాను. పిల్లలంతా నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది.

అప్పటినుంచి ప్రార్థనకు కళ్లు మూసుకుంటే దించుకున్న ఆ తలే కనబడుతోంది. ఈ ఆదివారం అందరి ముందూ "నాకు తెలీదమ్మా, నువ్వు అడిగింది మంచి ప్రశ్న" అని చెబుతాను. ఇది మీ దగ్గరే ఉంచండి, ఎవరికీ చూపించకండి. ఆ పిల్ల ఈ మాట ముందు నా నోటినుంచే వినాలి.