సరసత్త చెప్పిన రాజు కథ

తమిళనాడు ధర్మపురి దగ్గర ఇండూరులో, ఎనభై ఏడులో, ఒక ఆదివారం మధ్యాహ్నం పంచాయతీ టీవీలో పాత తెలుగు సినిమా వచ్చింది. ఊరంతా తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడేది మా నాలుగు కుటుంబాలే. అందుకని, పొద్దుటినుంచి చెనక్కాయలు పీకి అప్పుడే చేను దిగి వస్తున్న మా మేనత్త సరసును పట్టుకొచ్చి, టీవీ పక్కన నిలబెట్టి అర్థం చెప్పమన్నారు. వాళ్లకు కథ కావాలి, ఆవిడ నడుం నొప్పి ఎవరికి కావాలి.

అత్త తెలుగు సినిమా చూడటం అదే మొదలు. తెరమీద రాజు పుస్తకాల తెలుగులో గొంతెత్తి ఏడుస్తున్నాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకునే మనిషీ కాదు.

“ఆకలేస్తోందంటున్నాడు” అంది తమిళంలో.

రాణి పద్యం అందుకుంది.

“ఇంకా పొయ్యి వెలిగించలేదంటోంది.”

మంత్రి చేతులు కట్టుకుని ఏదో విన్నవించాడు.

“రేపు పొద్దున్నే పనికి రమ్మంటున్నాడు.”

గదంతా నవ్వింది. అత్త నవ్వలేదు. సినిమా అయ్యేదాకా అలాగే చెప్పుకుంటూ పోయింది.

ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాక మామ మాదేశన్ అడిగాడు. “ఆ రాజు నిజంగా ఏమి చెప్పినాడే?”

“నాకేం తెలుసు. అది మన ఇంటి తెలుగు కాదు.” అత్త మోకాళ్లు ఒత్తుకుంది. “పాపం, అంతసేపూ నిలబడే మాట్లాడినాడు. అంతమంది ఉండారు, ఒక్కరన్నా కూసోమనలేదు.”