అగ్గువ ఎరిగిన మా మెస్సక్క

మెస్సక్క చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను జనగామలో నూనె ప్యాకెట్ల మీద ఆఫర్ కాగితాలు అంటిస్తున్నాను. దసరా దగ్గరపడితే నేను పనిచేసే సూపర్ మార్కెట్లో ఇదే పని. ఫోన్ చేసింది భూపాలపల్లిలో నాతోపాటు ఆమె మెస్సులో తిన్న దోస్తు. "అక్క పోయిందిరా. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చింది, చాయ పెట్టింది, కూసున్నకాడనే పక్కకు ఒరిగింది" అన్నాడు. నా చేతిలోని కాగితం మీద 'రెండు కొంటే ఒకటి ఉచితం' అని ఉంది. అక్క అది చదివితే ఏమనేదో నాకు తెలుసు. "మూడోది నేనడిగిన్నా?" అనేది.

సెలవు అడిగితే మేనేజరు "ఆమె నీకేమవుతుంది?" అన్నాడు. అన్నం పెట్టింది అన్నాను. అది చుట్టరికం కాదన్నాడు. కాగితాల కట్ట ఆయన బల్ల మీద పడేసి బస్సెక్కాను. పని పోతే పోనీ అనుకున్నాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె ఇంటి ముందు కత్తిపీట కడిగి గోడకు ఆనించి పెట్టారు. ఎవరు కడిగారో, ఎందుకు కడిగారో తెలియదు.

అక్కది మహబూబాబాద్. మేం మానుకోట అంటాం. పెండ్లయి భూపాలపల్లికి వచ్చింది. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన పోయాక రెండు గదుల ఇంట్లోనే మెస్సు పెట్టింది. బచ్చన్నపేట మెట్టచేలల్లో మా పత్తి ఎండిపోయిన ఏడాది నేను బడి మానేసి అక్కడి బొగ్గుబాయికి కాంట్రాక్టు కూలీగా పోయాను, ఆమె మెస్సులో తినేవాణ్ణి. అంతవరకు బేరం అంటే గొంతు పెంచడం అనుకునేవాణ్ణి. గొంతు నాకు బాగానే ఉండేది.

అక్క గొంతు పెంచేది కాదు. పప్పు కొనాలంటే దుకాణంలో గుప్పెడు అడిగి కొంగున కట్టుకుని ఇంటికి వచ్చేది. ఉడకబెట్టి, వేళ్ల మధ్య నలిపి, నీళ్లు ఎన్ని తాగిందో చూసేది. ధర మాట ఆ తర్వాతే. సేటుకు ఒళ్లు మండేది.

"ఏందమ్మా, గుప్పెడు గుప్పెడు దీస్కపోయి నా పప్పుతోనే మెస్సు నడుపుతున్నవా?"

"నీ పప్పు ఉడికితె గద సేటూ నడిపేది! కట్టెలన్ని మింగి కూసున్నది, ఇంక పలుకు పలుకే ఉన్నది. కట్టెల పైసలు నువ్విస్తవా?"

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. సేటూ నవ్వేవాడు, కాని లోపలి బస్తా విప్పేవాడు. బోర్డు మీద రాసిన ధర సగం ధరేనని, మిగతా సగం పొయ్యి దగ్గర కడతామని నాకు ఆమె దగ్గరే తెలిసింది. గింజ తీయని చింతపండు అగ్గువ అనిపిస్తుంది, చవకగా వచ్చిందనుకుంటాం, కాని గింజకు కూడా పైసలు ఇచ్చినట్టే. నూనె ప్యాకెట్ మీద లీటరు అని ఎక్కడ రాశారో, గ్రాములు ఎంత చిన్న అక్షరాల్లో రాశారో నాతో చదివించేది. ఆమెకు చదువు రాదు. అవి చదివి చదివి, సరుకులు కట్టిన పేపరు ముక్కలు కూడా చదివి, నాకు చదువు మీద మళ్లీ ఆశ పుట్టింది.

ఇంకో మాట చెప్పేది. డబ్బా ఖాళీ అయ్యేదాకా దుకాణానికి పోవద్దనేది.

"సగముండంగనే పోవాలె తమ్మీ. సగముంటె 'వద్దు తియ్' అని మర్లొచ్చే బలముంటది. ఖాళీ చేసుకోని పోతె, ఆయన ఎంత జెప్తె గంతకే తెచ్చుకుంటవ్."

మా కూలి ఎందుకు పెరగదో ఆ మాటతో నాకు తెలిసిపోయింది. మేమంతా ఖాళీ డబ్బాలతో కాంట్రాక్టరు ముందు నిలబడ్డవాళ్లమే. 'వద్దు తియ్' అనే బలం మాలో ఎవరికీ లేదు. ఇప్పటికీ లేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయి బంద్, బస్సులు బంద్, బడులు బంద్. మేమూ శిబిరంలో కూర్చున్నాం. పర్మినెంటు వాళ్లకు ఇంట్లో ఎంతో కొంత నిల్వ ఉంటుంది, మాకు ఏ రోజు కూలి ఆ రోజుకే. దుకాణాల్లో చింతపండు, పప్పు, ఉల్లిగడ్డ అన్నీ పిరమయ్యాయి, రోజురోజుకూ ధర పెరిగింది. అక్క డబ్బాలు ఒక్కొక్కటిగా అడుగంటాయి. మెస్సు మూస్తే మేం ఊళ్లకు నడిచిపోవాలి. ఒకసారి మూస్తే మళ్లీ తెరవడం అక్క వల్ల కాదు, ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదు. ఒక పొద్దున మేం సంచులు సర్దుకుంటుంటే వచ్చి మా గది గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏందిరా, నా కూర మంచిగలేదని పోతుర్రా?"

"నీకు బరువైతున్నమక్కా."

"బరువో తేలికో మోసెటిదాన్ని నేను. సంచులు దించుర్రి."

ఆ రోజు శిబిరానికి వచ్చి, ఉపన్యాసం అయిపోయాక ఒక నాయకుణ్ణి అడిగింది. "సారూ, రాష్ట్రమొస్తె పప్పు అగ్గువైతదా?" అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వి మైకు పక్కవాళ్లకిచ్చాడు. నాకు ఇప్పటికీ ఆ నవ్వు మీద కోపం పోలేదు. ఆమె జోక్ చేయలేదు. జవాబు కావాలని అడిగింది.

శిబిరం నుంచి వస్తూ దారిలో అంది. "లారీలు బందైనయ్, అందుకే దుకాణంల పిరం. మరి చేన్ల ఎట్లున్నది? చేన్లనుంచి సుత లారీ పోతలేదు గద." మర్నాడు ఇద్దరం మహదేవపూర్ రోడ్డు పట్టుకుని నడిచాం. రోడ్డు పక్కనే ఒక టమాట చేను కనిపించింది. తెంపిన పండ్లు పాక కింద కుప్పపోసి ఉన్నాయి, అడుగున రసం కారుతోంది. ఆ చేను గల ఆమె కుప్ప పక్కనే కూర్చుని మంచివి ఏరుతోంది.

"ఎట్లిస్తవ్ చెల్లె?" అంది అక్క.

"ఎట్లన్న దీస్కపో అక్కా. పైసలు లేకున్న మంచిదే. పసులకు పోస్తున్న."

నేను సంచి నోరు తెరిచాను. అంత సంతోషం ఆ నెలలో నాకు ఇంకెక్కడా కలగలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. గిది అగ్గువ గాదు తమ్మీ. ఆమె డబ్బ ఖాళీగున్నది. మనం సేటు జాగల నిలవడ్డం."

"మనం తీసుకోకుంటె పసులే తింటయ్ గదక్కా!" అన్నాను.

"తీసుకుందాం. గిట్ల గాదు." కుప్పలోంచి ఒక పండు తీసి నొక్కి చూసింది. "చెల్లె, మా దగ్గర పనిలేని మొగోళ్లు శాన మందున్నరు. ఉప్పున్నది. కోసి ఎండవెడుదాం. ఒరుగులు సగం నీయి, సగం మాయి. చింతపండు పిరమైంది గద, గీ పులుపుతోని నెలలు గడుస్తయ్."

"గిన్నిటిని యాడ ఎండవెడ్తవక్కా? మా వాకిలి జానెడు లేదు."

అక్క రోడ్డు వైపు చూసింది. బొగ్గు లారీలు తిరగక నల్లగా, వెడల్పుగా, ఖాళీగా ఉంది.

మర్నాడు మెస్సంతా అక్కడే ఉంది. పాత చీరలు, టార్పాలిన్లు పరిచాం. కత్తిపీటల ముందు మమ్మల్ని కూర్చోబెట్టింది. "బొగ్గు దవ్విన చేతులు టమాటకు వణుకుతున్నయేందిరా?" అని ఎగతాళి చేసింది. కోసుకున్న వేళ్లకు ఉప్పు తగిలి అరిచినవాణ్ణి చూసి చేను ఆమె పడీపడీ నవ్వింది. మేం వెళ్లాక ఆమె నవ్వడం అదే మొదలు. మధ్యాహ్నానికి రోడ్డు ఎర్రబడింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా కోసిన ముక్కలే. మేకలను తరమడానికి వంతులు వేసుకున్నాం.

మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. ముక్కలకు ఇంకా ఒక పూట ఎండ కావాలి. అప్పుడు తీసి కుప్పేస్తే మొత్తం బూజు పడుతుంది. చేను ఆమెకూ ఏమీ మిగలదు, మెస్సుకూ మిగలదు.

"ఎవలమ్మ గిది? రోడ్డు బందు జేస్తే కేసైతది, ఎరికేనా?" అన్నాడు ఎస్సై.

"బందు మేం జెయ్యలే సారూ. బందయ్యే ఉన్నది. మేం ఎండవెట్టుకున్నం, గంతే."

"తీస్తవా, జీపు మీదికెల్లి పోనియ్యాల్నా?"

అక్క ఒక ముక్క తీసి ఆయన ముందు పట్టింది. "పోనిద్దురు గని, జర నోట్లేసుకోని చూడుర్రి. మీ ఇంట్ల చింతపండు ఎట్ల దెస్తుర్రు?"

 జీపు వెనక కూర్చున్న కానిస్టేబులు "బాగ పిరమైంది సార్" అన్నాడు. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఎస్సై మొహం తిప్పుకుని, "పొద్దుమూకేదాక టైం. మళ్ల నేనొచ్చేసరికి ఒక్క తునక కనవడద్దు" అని జీపు వెనక్కి తిప్పించాడు.

ఎండాయి. సగం చేను ఆమె మోసుకుపోయింది, సగం మేం మోసుకొచ్చాం. సమ్మె ముగిసేదాకా మెస్సులో ఆ పులుపే, పప్పులో, చారులో, పచ్చడిలో. ఒక్కడు కూడా ఊరికి పోలేదు, పొయ్యి ఒక్క పూట కూడా ఆగలేదు. అంత మంచి బేరం నేను మళ్లీ చూడలేదు. ఇద్దరిలో ఒక్కరూ ఓడిపోని బేరం అది.

ఇప్పుడు రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీలో చెప్పారు. ఇంకా చేతికి రాలేదు. అక్క చూడకుండానే పోయింది. వచ్చినరోజు నేను ఎవరితో కలిసి సంబరపడాలి? ఏ దుకాణంలో ఏ ధర చూసినా ఆమెను అడగాలనిపిస్తుంది. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఆ నంబరు తీసేయలేదు, తీసేయను.

ఆ మూడో సాయంత్రం మాత్రం కళ్ల ముందు నుంచి కదలదు. చీరలు ఎత్తడం ఇంకా పూర్తి కాలేదు. ఎస్సై చెప్పినట్టే జీపు మళ్లీ వచ్చింది. మేం గబగబా మూటలు కట్టబోతే, "నలుగుతయ్, మెల్లగ" అంది. రోడ్డు నట్టనడుమ చెప్పుల్లేకుండా వంగి, ఒక్కో ముక్కను తిరగేసి చూసి, ఎండినదాన్ని చేటలోకి వేసుకుంటూ నడిచింది. మోచేతుల దాకా ఎరుపు. జీపు కొంచెం దూరంలో ఆగింది. హారన్ కొట్టలేదు. ఎస్సై దిగి డ్రైవరుకు ఏదో చెప్పాడు, ఇంజను ఆగిపోయింది. ఆ పెద్ద రోడ్డు మీద ఇంక ఏ చప్పుడూ లేదు, ఎండిన ముక్కలు చేటలో పడుతున్న గలగల తప్ప. అక్క తలెత్తి అటు చూడనేలేదు. తర్వాతి చీర దగ్గరికి నడిచింది.