నూట ఎనభై ఏడో వరుస

దెయ్యాలను నమ్మేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు చెప్పేది ఎక్కువసేపు వినే ఓపిక మాత్రం లేదు. హుజూరాబాద్‌లో తాను అద్దెకున్న ఇంట్లో అటక మీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుడవుతోందని మా ఆడబిడ్డ చెబితే, ఎలుకల మందు పెట్టమన్న మనిషిని నేను. ఆ మాటకు ఆమె నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నానని తెలిస్తే ఎంత సంబరపడుతుందో.

నేను కరీంనగర్‌లో ఉంటాను. సమాచారాన్ని కంప్యూటర్‌లో పట్టికలుగా మార్చే పని నాది. రెండేళ్ల కింద యాసంగి పంట కాలంలో ఒక చిన్న సంస్థ నాకు ఒక పని అప్పజెప్పింది. మంథని వైపు ఒక ఊరి చెరువు కింద ఏ పొలం నుంచి ఏ పొలానికి నీళ్లు పారుతాయో పట్టిక చేసివ్వాలి.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్కో పొలం ఒక చుక్క, దానికో నంబరు. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి నీళ్లు పోతే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. అన్నీ గీస్తే ఆయకట్టంతా సాలెగూడులా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో ఏదైనా వెతకాలంటే తల తిరుగుతుంది. అందుకే చిన్న కోడ్ రాసి ఒక్కో గీతను ఒక్కో వరుసగా మారుస్తాను. మొదటి గడిలో నీళ్లు బయలుదేరే పొలం, రెండో గడిలో చేరే పొలం. ఎన్ని గీతలుంటే అన్ని వరుసలు రావాలి.

ఆ గీతలన్నీ చెప్పింది నీరటి సాయన్న. తూము తీసి మడి మడికీ నీళ్లు మలిపే పని వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ ఉంది. పార భుజాన వేసుకుని ముందు అతను, కాగితం పట్టుకుని వెనక నేను, మూడు రోజులు గట్ల మీద తిరిగాం. అతను చెప్పినవన్నీ నేనే గీసుకుని, నేనే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. వేరేవాళ్ల చేయి పడలేదు.

మూడో రోజు లచ్చవ్వను చూశాను. బండ్ల బాటకు అవతల, ఆయకట్టు చివరన ఆమెకు ఎకరం పొలం ఉంది. ఒంటరి మనిషి, ఆ ఎకరమే ఆమె బతుకుదెరువు. వరి పొట్ట మీద ఉంది, కంకి బయటపడే సమయం. మడి నెర్రెలిచ్చింది. చెరువు తగ్గాక ఆ చివరిదాకా నీళ్లు అందడం లేదు.

"ఇంకొక్క వారం జూస్త మేడం. నీళ్లు రాకుంటె బర్లను ఇడుస్త," అంది.

పొట్ట మీదున్న వరిని పశువులకు మేపుతానని ఆమె మామూలుగా చెప్పింది. చేయగలిగింది ఏమీ కనిపించక ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున పదింటికి, టీ తాగుతూ కోడ్ నడిపాను. బొమ్మలో గీతలు నూట ఎనభై ఆరు. పట్టికలో వరుసలు నూట ఎనభై ఏడు.

ఒక గీత రెండుసార్లు పడిందేమో అనుకున్నాను. మా పనిలో అది మామూలు తప్పే. వెతికితే అలాంటిదేమీ లేదు. చివరి వరుసలో మాత్రం అరవై నాలుగు నుంచి తొంభై ఒకటికి అని ఉంది. బొమ్మలో ఆ రెండు చుక్కల మధ్య గీతే లేదు. అరవై నాలుగు బాటకు ఇవతల, తూముకు దగ్గరి పొలం. తొంభై ఒకటి లచ్చవ్వది.

కోడ్ మొత్తం ఏడు లైన్లు. ఉన్న గీతను రాయడం తప్ప కొత్తది పుట్టించే మాట అందులో లేదు. అదంతా తుడిచేసి మళ్లీ రాశాను. మళ్లీ అదే వచ్చింది. బొమ్మ ఫైలును మామూలు అక్షరాల్లో తెరిచి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరే. ఆదిలాబాద్‌లో ఇదే పని చేసే శ్రీకాంత్‌కు ఏమీ చెప్పకుండా ఆ ఫైలు పంపి, నీ పద్ధతిలో పట్టిక చెయ్యి అన్నాను. గంటలో ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక వరుస ఎక్కువొస్తుంది. ఏదన్న గీత గీసుడు మర్చిపోయినవా?"

నాకు భయం వేయలేదు. పంటిలో పీచు ఇరుక్కున్నట్టు, మనసు దాని చుట్టూనే తిరిగింది. ఆ వరుస తీసేసి పంపితే ఎవరూ అడగరు. కానీ తీసేయబుద్ధి కాలేదు. పెద్దపల్లి మీదుగా బస్సెక్కి మళ్లీ ఆ ఊరు వెళ్లాను.

సాయన్న నవ్వాడు. "బాట కింద నుంచి నీళ్లెట్ల పోతయి మేడం? గాడ కాల్వే లేదు." చనిపోయిన తండ్రిని తలచుకుని మళ్లీ అన్నాడు. "మా బాపుకైతె ఎరుకుండేమో. ఆయన పోయినప్పుడు నేను దుబాయ్‌ల ఉన్న. ఏం చెప్పిచ్చుకోలే."

అయినా పార తీసుకుని వచ్చాడు. అరవై నాలుగో పొలం రైతును అడిగి, బాట పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. రెండు చోట్ల ఏమీ దొరకలేదు. మూడో చోట మోకాలి లోతులో పార ఖంగుమంది. మట్టి తీస్తే పెద్ద బండ, దాని కింద బాటకు అవతలికి నీళ్లు పోయేలా రాళ్లతో కట్టిన మోరి. లోపలంతా మట్టి పేరుకుపోయి ఉంది.

అది ఎలా మూసుకుపోయిందో మాత్రం అర్థమైంది. చాలా ఏళ్ల కింద చెరువు పూడిక తీసినప్పుడు, బలమని ఆ మట్టిని అందరూ పొలాల్లో తోలుకున్నారు. పొలం ఎత్తు పెరిగి మోరి మూతి కిందకు పోయింది. మంచికని పోసుకున్న మట్టే కింది పొలానికి నీళ్లు ఆపేసింది.

శుభ్రం చేయడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున సాయన్న నీళ్లు మలిపాడు. బాట అవతల మొదట బురద కక్కింది, తర్వాత సన్నటి ధార వచ్చింది. లచ్చవ్వ గట్టు మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఇంటికొచ్చి బొమ్మలో ఆ గీత కలిపాను. ఇప్పుడు గీతలు నూట ఎనభై ఏడు. కోడ్‌లో తప్పుంటే ఈసారి నూట ఎనభై ఎనిమిది వరుసలు రావాలి. నూట ఎనభై ఏడే వచ్చాయి. ఇది చూసినప్పుడు మాత్రం నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

కోతలయ్యాక లచ్చవ్వ ఫోన్ చేసి రమ్మంది. పంట ఇంటికి చేరే ముందు, కల్లంలోనే నీరటికి అతని వంతు వడ్లు కొలిచివ్వడం అక్కడి ఆచారం. సాయన్నకు కొలిచింది. తర్వాత ఇంకో సంచి నింపి, మూతి కట్టి పక్కన పెట్టింది.

"గిది గా మోరి చూపినోళ్లది," అంది.

నాకేనేమో అనుకుని, నేనేం చేయలేదు, కంప్యూటర్‌లో వచ్చిందని చెప్పాను.

"కంప్యూటర్‌కు ఎవలు చెప్పిండ్రో గాళ్లకే ఇస్త. పేరు చెప్పు మేడం."

నేను సాయన్న వైపు చూశాను. అతను తల దించుకుని, "మా బాపు ఎన్నడు ఫోను సుత పట్టుకోలే," అన్నాడు.

ఆ సంచి ఇప్పటికీ లచ్చవ్వ ఇంట్లోనే ఉంది. వెళ్లినప్పుడల్లా ఆ పేరు చెప్పమని అడుగుతుంది.