పసుపు రాసిన మొప్పలు

మా వారి బదిలీతో యానాం నుంచి పుదుచ్చేరి వచ్చాక నాకు బాగా దగ్గరైన పిల్ల పక్కింటి సెల్వి. చేపల మీద పరిశోధన చేస్తోంది. ఎల్లుండి ప్యారిస్ ప్రయాణం. అక్కడి ల్యాబులో పరీక్షించడానికి తేంగాయితిట్టు రేవులో ఏడాదిపాటు సేకరించిన చేప మొప్పలను, వాళ్ళింట్లో ఫ్రిజ్ పాడైందని, పోయిన వారం మా ఫ్రీజర్‌లో పెట్టింది.

ఈ రోజు నెలవారీ అలవాటు ప్రకారం ఫ్రిజ్ ఆపి కడిగాను. పొట్లాల్లో మంచు కరిగి వాసన వచ్చాయి. పాడవుతాయేమోనని మొప్పలకు ఉప్పూ పసుపూ రాసి, కొత్త కవర్లలో సర్ది, సాయంత్రం సెల్వికి గర్వంగా చూపించాను.

“పసుపేంది అత్తా! చేపల కొళంబు పెట్టేదానికా నేను ప్యారిస్ పోయేది?” అంటూ కూలబడింది.

“కడిగితే పోదా?” అన్నాను.

“పోదత్తా.”

కాసేపు ఏడ్చి, ఫోన్లో ఏదో రాసింది. “కరెంటు పోయి చెడిపోయినాయని గైడ్ సారుకి రాసినా. కాలేజీలో ఇంకా కొన్ని ఉండాయి, వాటితోనే పోతా. మీ పేరు ఎత్తలేదులే అత్తా” అంది.

తిట్టినా బాగుండేది. ఆ సారుకి నిజం నేనే రాయాలా? మీరే చెప్పండి. ఈ నెల మా నెల్లితోపు వీధిలో కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.