పడవలో పాలపొంగు

అరవై మూడేళ్ళు వచ్చేదాకా రాజగోపాల్‌కి సొంత ఇల్లు లేదు. తీరా వచ్చింది కూడా ఇల్లు కాదు, పడవ. నలభై ఐదు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఇంగ్లండు కాలవల్లో తిరిగే ఇలాంటి సన్నటి ఇనప పడవల్ని నేరోబోట్ అంటారు. అక్కణ్ణించి వచ్చిన ఒక ముసలాయన మోజుకొద్దీ కెనడాలో పీటర్‌బరో దగ్గర దీన్ని కట్టించుకున్నాడు. నాలుగేళ్ళు తిరిగాక మోకాళ్ళు సహకరించక అమ్మేశాడు. రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న బంధువులందరూ అడిగింది ఒకటే ప్రశ్న, అందులో ఎలా పడుకుంటావని. పొడుగ్గా పడుకుంటానని చెప్పాడు రాజగోపాల్.

ఆయన బాయిలర్ల మనిషి. కుర్రతనంలో గోదావరి అవతల ఒక థర్మల్ స్టేషన్‌లో పనిచేశాడు. నలభై దాటాక కెనడా వచ్చి, నార్త్ యార్క్‌లో ఒక ఆసుపత్రి బాయిలర్ రూములో ఇరవై ఒక్క సంవత్సరాలు గడిపాడు. బాయిలర్‌కి ఎదురుచెప్పే అలవాటు లేదు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా షిఫ్టుల మాట చెప్పి తప్పించుకున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా అడిగేవాళ్ళు మానేశారు. అద్దె బేస్‌మెంట్లు ఆరు మారాడు. ఈలోగా తెలిసినవాళ్ళందరూ ఇళ్ళు కొనుక్కుంటూనే ఉన్నారు, గృహప్రవేశాలకి పిలుస్తూనే ఉన్నారు. ఆయన వెళ్ళేవాడు, భోంచేసేవాడు, కిందికి దిగి ఇల్లు వేడిచేసే ఫర్నేసు చూసి అందులో లోపం ఏమిటో ఇంటాయనకి చెప్పి వచ్చేవాడు. ఇతరుల తప్పులు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. తన తప్పు ఒప్పుకున్నాడని మాత్రం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

పడవలు కట్టేసే మెరీనా యజమానురాలు డోరీన్ ముందే చెప్పింది. చలికాలం పడవలోనే ఉండాలంటే కట్టెల పొయ్యి అమర్చుకుని, ఇన్‌స్పెక్టర్ చేత సంతకం చేయించుకోవాలి. అక్టోబరు ఆఖరుకి ఆ కాగితం చేతికి రాకపోతే పడవని క్రేనుతో ఒడ్డుకి ఎత్తేస్తారు. అంటే ఏడో బేస్‌మెంట్ వెతుక్కోవాలన్నమాట. రాజగోపాల్‌కి దాని గురించి పెద్ద దిగులు లేదు. జీవితమంతా చేసిందే నిప్పు పని. ఆయన దిగులంతా చెల్లెలి గురించి.

చెల్లెలు సుధామయి ఆయనకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. దేశానికి ఆ చివర, సర్రీలో ఉంటుంది. అక్కడ ఒక డేకేర్‌లో పిల్లల్ని చూసుకునే పని. భర్త పోయి ఏడాదిన్నర అయింది. పోయిన వేసవిలో పెదనాన్నగారి అబ్బాయి వెంకటేశ్వర రావు కూతురు ప్రియ రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు కొనుక్కుంటే, గృహప్రవేశానికి అంతదూరం నుంచి వచ్చింది. నలుగురూ పనిలో ఉన్నారు కదా అని హారతి పళ్ళెం అందుకుంది. ప్రియ తల్లి భ్రమరాంబ వదిన నవ్వుతూనే ఆ పళ్ళెం చేతిలోంచి తీసుకుంది. "నీకెందుకు శ్రమ సుధా, కూర్చో" అంది. అంతే. ఎవరూ గొంతు పెంచలేదు. సుధామయి వెళ్ళి వెనక వరసలో, బూట్లు విప్పేచోట కూర్చుంది. రాజగోపాల్ అక్కడే ఉన్నాడు, చూశాడు, ఏమీ అనకుండా ఫర్నేసు చూడటానికి కిందికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ ఆమె ఏ శుభకార్యానికీ ముందుకి రావడం లేదు. తన చెయ్యి మంచిది కాదని తనే నమ్మడం మొదలుపెట్టింది.

కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. అందుకే పడవ కొన్న రోజే ఫోన్ చేశాడు.

"ఆడపడుచువి నువ్వే. పాలు నువ్వే పొంగించాలి."

"నేనా? వద్దన్నయ్యా. భ్రమరాంబ వదినని పిలు. కనీసం నీ ఇంట్లోనన్నా అంతా మంచి జరగనీ."

"వదిన నాకు ఆడపడుచు ఎప్పుడయింది?"

ఇలా పది ఫోన్లు అయ్యాయి. పదకొండోసారికి సరేనంది. శనివారం సాయంత్రం దిగి సోమవారం తెల్లారి వెళ్ళిపోయేలా టికెట్ బుక్ చేసింది, అంతకంటే సెలవు దొరకలేదు. వాట్సాప్‌లో పంతులుగారు ఆదివారం తొమ్మిదీ పది నుంచి తొమ్మిదీ ముప్పై నాలుగు దాకా ముహూర్తం పెట్టారు. వేరే ఎవర్నీ పిలవలేదు. చెల్లెలి చేతిలో పాలు పొంగాలి, అది ఆమె కళ్ళారా చూసుకోవాలి. ఆయనకి కావలసింది అంతే.

పొయ్యి పనంతా ఒంటరిగానే చేశాడు. కింద రాతి పలక వేశాడు, వెనక గోడకి వేడి తగలకుండా నిప్పుకి ఆగే బోర్డు బిగించాడు. పైకప్పు కోసి గొట్టానికి దారి చేశాడు. గొట్టాన్ని పొయ్యికి అతికే ఇనప కంఠం మాత్రం కొరియర్‌లో చిక్కుకుని రావాల్సిన రోజుకి నాలుగు రోజులు ఆలస్యంగా, శనివారం పొద్దున్న వచ్చింది. మధ్యాహ్నానికి కూర్చోబెట్టి, సందుల్లో ఫైర్ సిమెంట్ కూరి, వేలితో నున్నగా రాశాడు. ఆ సిమెంటుకి ఒక రోజంతా నిప్పు తగలకూడదు. తర్వాత కూడా మూడు నాలుగు రోజులు చిన్న చిన్న మంటలు వేసి మెల్లగా ఆరబెట్టాలి. తొందరపడితే లోపలున్న తడి ఆవిరై సిమెంటుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇది డబ్బా మీద రాసే ఉంది. రాయకపోయినా ఆయనకి తెలియనిది కాదు. థర్మల్ స్టేషన్‌లో కొత్త బాయిలర్ లోపలి పూతని వారం రోజులు గంటగంటకీ వేడి రాసుకుంటూ ఆరబెట్టించిన మనిషి ఆయన. ఒక జూనియర్ ఇంజనీరు ఒక్క పూట తొందరపడ్డాడని మెమో ఇచ్చి, ఆ కుర్రాడి ఇంక్రిమెంటు ఆపించాడు.

వంటగదిలో గ్యాస్ పొయ్యి ఉంది. పాలు దాని మీద పొంగించినా పంతులుగారికి అభ్యంతరం లేదు. కానీ అది ఆ ముసలాయన పొయ్యి. అన్నయ్య చేత్తో కట్టిన పొయ్యి మీద చెల్లెలు పాలు పొంగించాలని రాజగోపాల్ మనసులో ఎప్పుడో గీత గీసుకున్నాడు. ఆ గీత చెరిపే శక్తి ఆయనకీ లేదు.

ఆదివారం పొద్దున్న సుధామయి తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, పైన చలికోటు వేసుకుని వచ్చి పొయ్యి ముందు నిలబడింది. కొత్త గిన్నెకి పసుపు తనే రాసింది. పాలు పోసి పెట్టింది. తొమ్మిదీ పదికి రాజగోపాల్ నిప్పు వెలిగించాడు.

చిన్న మంటకి పాలు పొంగుతాయా? తొమ్మిదీ ఇరవైకి గిన్నె అంచున ఒక్క బుడగ లేదు. సుధామయి గిన్నె వంక చూడటం మానేసి గడియారం వంక చూస్తోంది. అది చూసి ఆయన పొయ్యి గాలి తలుపు పూర్తిగా తెరిచి, ఎండిన బర్చ్ కట్టెలు మూడు కుక్కాడు. మంట హోరెత్తింది. పాల మీద మీగడ కదిలింది.

సరిగ్గా అప్పుడే గొట్టం మొదట్లో ఫట్‌మని శబ్దం వచ్చింది. సిమెంటు పెళ్ళలుగా రాలింది. సందులోంచి తెల్లటి పొగ లోపలికి తిరిగింది, గోడ మీది విషవాయువు అలారం కూతపెట్టింది. రాజగోపాల్ గాలి తలుపు మూసి, చెల్లెల్ని బయటికి పంపి, రెండు తలుపులూ బార్లా తీసి, మండుతున్న కట్టెల్ని పారతో బూడిద బకెట్‌లోకి తోడాడు. అంతా అయ్యేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది.

"గ్యాస్ మీద పెడదాం సుధా. ఇంకా ఆరు నిమిషాలుంది."

"వద్దన్నయ్యా" అంది సుధామయి గట్టు మీద నిలబడే. "నేను చెప్తూనే ఉన్నాను."

"తప్పు నాది. పచ్చి సిమెంటు మీద పెద్ద మంట వేశాను. ఎవడు వేసినా పగులుతుంది."

ఆమె అన్నగారి మొహంలోకి చూసింది. ఆ చూపులో జాలి ఉంది. "యాభై ఐదేళ్ళ నుంచీ చూస్తున్నా నిన్ను. తప్పు నాది అని ఒక్కసారన్నా అన్నావా? ఇవాళ నాకోసం అంటున్నావు. పోనీలే."

రాజగోపాల్ బూడిద బకెట్‌ని గట్టు మీదికి తెచ్చి పెట్టాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఒప్పుకున్న తప్పు అది, నమ్మే మనిషి లేకపోయింది. పారబోయడం ఎందుకని ఆ పాలతోనే సుధామయి గ్యాస్ మీద కాఫీ పెట్టింది. ఇద్దరూ కోట్లు వేసుకుని, తలుపులు తెరిచిన పడవలో ఎదురెదురుగా కూర్చుని తాగారు. మర్నాడు తెల్లారి ఎయిర్‌పోర్టులో దింపి వస్తుంటే దారి పొడుగునా ఆయనకి పక్కనున్న ఖాళీ సీటే కనిపించింది.

పాత సిమెంటు గీకేశాడు, కొత్తది కూరాడు. రెండు రోజులు ఆగాడు. తర్వాత నాలుగు రోజులు పుల్లలతో చిన్న చిన్న మంటలు వేస్తూ, అరగంటకోసారి గొట్టం వేడి చూసి పుస్తకంలో రాసుకున్నాడు. పక్క పడవలవాళ్ళు ఒక్కొక్కరే వేసవి సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ వారంలో ఆయన మాట్లాడింది డోరీన్‌తో రెండు సార్లు, అదీ నీళ్ళ పైపు గురించి.

శుక్రవారం భ్రమరాంబ ఫోన్ చేసింది.

"ఏం గోపాలం, పాలు పొంగలేదట కదా. సుధే ఫోన్ చేసి చెప్పింది. నా వల్ల ఆగిపోయింది వదినా, నువ్వెళ్ళి పొంగించు అంది, పాపం. ఆదివారం మేం పదిహేనుమందిమి వస్తున్నాం. పులిహోరా గారెలూ చేసుకొస్తాం. నువ్వేం పెట్టుకోకు."

పదిహేనుమంది. పడవలో ఎక్కడెక్కడ ఎంతమంది పడతారో ఆయన మనసు అప్పుడే లెక్క కట్టేసింది. మంచం మీద నలుగురు, మెట్ల మీద ముగ్గురు, పిల్లలు ముందు డెక్కు మీద. ఈ ఇనప గొట్టంలాంటి పడవలో తెలుగు మాట వినిపిస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు. ఆశపడ్డాడు, నిజంగానే ఆశపడ్డాడు.

"రండి వదినా" అన్నాడు. "అందరూ రండి. పాలు మాత్రం సుధ పొంగిస్తుంది."

"తను రానంటోందిగా."

"వచ్చినప్పుడే పొంగిస్తుంది."

"పాలు పొంగని ఇంట్లో భోజనాలేమిటి గోపాలం? మంచి కోరే చెప్తున్నాను."

"ఆ రోజు ప్రియ ఇంట్లో మీరు దాని చేతిలో పళ్ళెం తీసుకున్నారు. నేను చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేను వదినా."

నీ ఇష్టం అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాత దీపావళికి కూడా ఆ ఇంటినుంచి పిలుపు రాలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆ ఆదివారం దాటాక గురువారం వచ్చాడు. టార్చ్ వేసి సందులన్నీ చూసి, పని శుభ్రంగా ఉందని మెచ్చుకుని, ఫారం అందించాడు. అందులో ఒక గడి ఉంది. ఇంతకుముందు ఏదైనా వైఫల్యం జరిగిందా, జరిగితే కారణం రాయాలి. రాజగోపాల్ పెన్ను తెరిచాడు. సిమెంటు ఆరకముందే పెద్ద మంట వేయడం వల్ల అతుకు పగిలింది, తప్పు పూర్తిగా అమర్చినవాడిది, అని ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"ఇది రాయక్కర్లేదు. ఇప్పుడంతా బాగుంది కదా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రాస్తే ఇన్సూరెన్సువాళ్ళు రెండోసారి చూడమంటారు. నెలాఖరు దాటినా దాటొచ్చు."

దాటితే పడవ ఒడ్డుకెక్కుతుందని రాజగోపాల్‌కి తెలుసు. అయినా కింద సంతకం పెట్టాడు. ఆ ఫారానికి ఫోటో తీసి, ఒక్క ముక్క కూడా రాయకుండా సుధామయికి పంపాడు.

రెండోసారి చూడటానికి అక్టోబరు ముప్పయ్యో తారీఖున వచ్చారు. పాసయింది. పడవ చుట్టూ నీళ్ళు గడ్డకట్టకుండా డోరీన్ బుడగలు వదిలే మోటారు పెట్టించింది. మెరీనాలో మనిషి ఉన్న పడవ ఇంక అదొక్కటే. పొయ్యి బ్రహ్మాండంగా పనిచేస్తోంది, లోపల బనీనుతో తిరగొచ్చు. ఆ వెచ్చదనంలో ఆయన ఒంటరిగా కూర్చుని బ్లాక్ టీ తాగేవాడు. పాల ప్యాకెట్టు పడవలోకి రానివ్వలేదు. ఫోటో కింద రెండు నీలం టిక్కులు పడి పద్దెనిమిది రోజులయింది. జవాబు లేదు. ఉత్త ఓదార్పు అనుకుని ఉంటుందని ఆయన ఆశ వదులుకున్నాడు.

మొదటి మంచు పడిన రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"వదినతో అలా మాట్లాడావట" అంది సుధామయి.

"మాట్లాడాను."

"ఆ కాగితం నిజం కాగితమేనా అన్నయ్యా? ఆఫీసుకి ఇచ్చిందేనా?"

"ఇచ్చిందే. దాంతో ఇంచుమించు పడవ పోయేది."

"అందులో రాసింది?"

"అబద్ధానికి నేను సంతకం పెడతానా సుధా?"

పెట్టడని ఆమెకి తెలుసు. ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. అటువైపు డేకేర్ పిల్లలు ఎక్కడో అరుస్తున్నారు. ఆమె వాళ్ళకి దూరంగా నడిచి, ఏదో తలుపు మూసుకున్నట్టు వినిపించింది.

"అయితే," అంది చివరికి, "నా చెయ్యి కాదన్నమాట."

"కాదమ్మా" అన్నాడు రాజగోపాల్.