హెడ్మాస్టరు మెడలో హారం

2022 జూన్‌లో మా హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. బడి కర్నూలు జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గరి కోసిగి మండలంలో ఉంది. నేను అప్పటికే కొన్నేళ్ళుగా అక్కడ లెక్కల టీచర్ని. మాది ఎర్రగుంట్ల. సిమెంటు దుమ్ములో పెరిగినదాన్ని, ఎండకూ దుమ్ముకూ జంకలేదు గాని, చేరిన మొదటి ఏడాది దసరా దాటాక తరగతి సగం ఖాళీ అయితే బెదిరిపోయాను. పిల్లలేరీ అంటే "సుగ్గికి పోయినారు మేడం" అన్నారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం. ఇక్కడ మాత్రం వానలు మొహం చాటేశాక ఇంటికి తాళమేసి గుంటూరు వైపు పత్తికీ మిరపకూ కూలికి పోవడం.

పాత హెడ్మాస్టరు సుగ్గి నుంచి ఎవరు తిరిగొచ్చినా గేటు దగ్గరే పలకరించేవారు. "ఏ పాఠం కాడ పోతివప్పా?" అని అడిగి, పిల్లను తీసుకొచ్చి ఆ టీచరుకు అప్పగించేవారు. సాయంత్రం బెల్లు కొట్టాక ఆయనే వాళ్ళకు చదువు చెబుతూ కూర్చునేవారు. మమ్మల్ని ఉండమని ఏనాడూ అనలేదు. ఆయన ఉంటే మాకు ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

ఆయన రిటైరయ్యారు. కొత్తాయన మొదటి స్టాఫ్ మీటింగులోనే చెప్పాడు: "ఈసారి టెన్త్ రిజల్టు నూటికి నూరు రావాల. ఈ సుగ్గి బ్యాచ్ ఉండాదే, ఇదే మన బడికి పట్టిన రోగం."

రోగమట! కడుపు చేత పట్టుకుని పోయే పిల్లలు రోగమట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఆ గదిలోనే ఉండి ఉంటే పీడా పోయేది. ఉండలేదు. నాలుగు రోజులకు సైన్సు సారు నోట విన్నాను, తర్వాత పిల్లల నోట. చివరి బెంచీకి సుగ్గి బెంచీ అని పేరు పడింది. సైన్సు సారు చెడ్డవాడేం కాదు, మునుపు పిల్లల చేత ప్రయోగాలు చేయించి సంబరపడేవాడు. ఇప్పుడు ల్యాబు తాళం తీయడం మానేసి, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించడం మొదలుపెట్టాడు. అవే గదులు, మేమూ ఆ మనుషులమే. కుర్చీలో కూర్చున్నాయన దేన్ని అడుగుతాడో దాన్నే బడంతా చూపించడం నేర్చుకుంది.

రూతు ఆ ఏడాది పదో తరగతి. దసరాకు అమ్మానాయనలతో సుగ్గికి పోయింది. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదీ ఊరికొచ్చి, చర్చిలో ప్రార్థన అయ్యాక మళ్ళీ బొలెరో ఎక్కుతుంటే తాను ఎక్కనని మొండికేసిందట. అవ్వను వెంటబెట్టుకుని బడికి వచ్చింది.

"పరీచ్చ రాయాలని నేనే నిలబడిపోతి మేడం," అంది. చేతివేళ్ళు పత్తి కాయలు గీరుకుని పగిలిపోయి ఉన్నాయి.

హాజరు తగ్గినవాళ్ళకు కండొనేషన్ అని ఒకటుంది. తగిన కారణం చూపి హెడ్మాస్టరు సిఫారసు చేస్తే పరీక్షకు కూర్చోనిస్తారు. ఆయన సంతకం ఒక్కటి చాలు. అవ్వను, రూతును ఆయన గదికి నేనే తీసుకుపోయాను.

"ఇన్ని నెలలు లేని పిల్ల పాసయితాదా?" అన్నాడాయన. "వచ్చే ఏడు రాయించవ్వా."

"వచ్చే ఏడు ఈడ యాడుంటాది సారూ? వాళ్ళ నాయన అప్పుడే సంబంధాలు సూస్తాండాడు. పరీచ్చ ఉండాదంటేనే ఆగినాడు."

"అది మీ ఇంటి ఇసయం," అన్నాడు.

నేనుండబట్టలేక, "పిల్ల చురుకైంది సార్, లెక్కలు నేను చూసుకుంటా," అన్నాను.

"మీరు లెక్కలు చెప్పండి మేడం. బడి నేను నడుపుతా."

నేను ఊరుకోలేదు. మండల విద్యాధికారి దగ్గరికి పోయాను. ఆయన టీ తెప్పించి మరీ, "రిజల్టు బాగొస్తే మండలానికే పేరు గదమ్మా" అని నవ్వాడు. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? రూతు పరీక్షల దాకా బడికి వస్తూనే ఉంది. భిన్నాలు, సమీకరణాలు ఏవి ఇచ్చినా పట్టుదలగా చేసేది. హాల్ టికెట్లు వచ్చాయి, ఆమెది రాలేదు.

నూటికి నూరు వచ్చింది. మండల సభలో హెడ్మాస్టరు మెడలో పెద్ద పూలహారం వేశారు. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. భిన్నంలో గీత కింద ఉండేదాన్ని కూడా మేము హారమనే అంటాం. అది తగ్గిస్తే విలువ పెరుగుతుందని ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఆయన చేసిందల్లా అంతే. పిల్లలకు ఒక్క ముక్క ఎక్కువ నేర్పకుండా, ఫెయిలవుతుందేమోనని గీత కింద నుంచి ఒక పిల్లను లాగేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరికీ ఆ లెక్క పట్టలేదు.

బడి తెరిచాక ఒకరోజు రూతు గేటు దగ్గర కనబడింది. మెడలో పసుపుతాడు. ఫ్లెక్సీ వైపే చూస్తోంది.

"నూటికి నూరంట గదా మేడం. అందులో నేనుండానా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మాట మార్చవచ్చు, ఓదార్చవచ్చు. అబద్ధం చెప్పి ఆ పిల్లను రెండోసారి లెక్కలోంచి తీసేయడం నావల్ల కాలేదు.

"లేదమ్మా, నువ్వు లేవు. నిన్ను లెక్కలోంచి తీసేసి తెచ్చుకున్న నూరది," అన్నాను.

"అట్లనా" అని వెళ్ళిపోయింది.

బడి మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను ఇప్పుడు ఫ్లెక్సీలు చూడను. ఏ హెడ్మాస్టరు నూటికి నూరు గురించి చెప్పినా ముందు అభినందనలు చెబుతాను. తర్వాత ఒకటే అడుగుతాను: సుగ్గికి పోయినోళ్ళు అందరూ వచ్చినారా సార్?